మౌజన్ సాబ్ ముక్కు

మా ఇంట్లో ఒక నియమం ఉంది. అన్నం ముందు కూర్చున్నాక ముక్కు సంగతి నేను ఎత్తకూడదు, మూత్రం సంగతి మా ఆయన ఎత్తకూడదు. పెళ్లయిన నాటి నుంచి ఈ నియమాన్ని ఇద్దరం కలిసి రోజూ తప్పుతూనే ఉన్నాం. నా పేరు పుష్ప, చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. మా ఆయన శేఖర్ మూత్రవ్యాధుల డాక్టరు. జగిత్యాలలో మా ఆసుపత్రికి రెండంతస్తులు. కింద నేను, మీద ఆయన. ఊళ్లో జనం దీనికొక మాట కట్టారు: "కారెటోళ్లు కింద, కారనోళ్లు మీద." మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఆటోవాళ్లకు దారి చెప్పేటప్పుడు నేనే ఆ మాట వాడుతున్నాను.

రెండో నియమం ఒకటుంది, అది మాత్రం ఎన్నడూ తప్పలేదు. ఎవరి పేషెంటు పేరు వాళ్ల దగ్గరే ఉండాలి. ఇంట్లో రోగం గురించి మాట్లాడుకుంటాం గాని మనిషి గురించి కాదు. ఇవి చిన్న ఊళ్లు. ఫలానా ఆయనకు ఒంటేలు ఆగిందని సాయంత్రానికల్లా చాయ్ హోటల్లో తెలిస్తే, ఆ మనిషి మళ్లీ ఏ డాక్టరు గడపా తొక్కడు.

వారంలో ఒకరోజు ఇద్దరం బయటి ఊళ్లకు పోతాం. మంగళవారం నేను కోరుట్ల. ఆ రోజు జగిత్యాల బస్టాండులో కొండగట్టు అంజన్న గుడికి పోయే బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు గాని కోరుట్ల బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుంది. గురువారం ఆయన సిరిసిల్ల. సిరిసిల్ల నా పుట్టిల్లే, అయినా అక్కడికి ఆయనే పోతాడు. నేను పోతే పొద్దంతా చుట్టాల చెవులు చూడటంతోనే సరిపోతుంది.

చెవులంటే మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన పేరు సామేలు, సిరిసిల్లలో సాంచాల మీద పనిచేశాడు. సాంచాలంటే కరెంటు మగ్గాలు. ఆ మోతలో ఆయన చెవులు ఎప్పుడు పోయాయో ఆయనకే తెలియదు. ఎందుకంటే ఆ షెడ్డులో ఎవరూ చెవులతో వినరు, పెదవులు చూసి మాట పట్టుకుంటారు. ఇంట్లోనూ ఆయన అట్లాగే నెట్టుకొచ్చాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు గనక మా అమ్మ అది పొగరనుకునేది. నాకేమో ఎందుకు పలకడో తెలుసుకోవాలనిపించింది. ఒకనాడు ఆయన వెనక నిలబడి అన్నం పళ్లెం నేల మీద పడేశాను. ఆయన తిరిగి చూడలేదు. అన్నం పారబోసినందుకు అమ్మ చేతిలో దెబ్బలు తిన్నాను గాని, సంగతి తేలింది. ఏదైనా ఎందుకో తెలియకపోతే నాకు నిద్ర పట్టని జబ్బు అప్పటినుంచీ ఉంది. దానికి మాత్రం మందు లేదు.

కోరుట్లలో నేను కూర్చునేది ఒక మందుల దుకాణం వెనక గదిలో. కిటికీ తెరిస్తే మసీదు మీది మైకు కనిపిస్తుంది. ఆ మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్, మక్బూల్ సాబ్, చలికాలం మొదట్లో ఒక మంగళవారం నా దగ్గరికి వచ్చాడు. అరవై దాటిన సన్నటి మనిషి, ఇస్త్రీ చెదరని తెల్ల కుర్తా. బతుకుతెరువుకు దర్జీ పని. బొంతలు, పరుపు కవర్లు ఎక్కువగా కుడతాడు. పొద్దంతా దూది ధూళిలోనే ఉంటాడన్నమాట.

ముక్కు రెండు వైపులా బందైందని చెప్పాడు. లైటు వేసి చూశాను. లోపలి పొర పాలిపోయి ఉబ్బింది, గాలి పోయే దారి దారమంత మిగిలింది. ధూళి పడక వచ్చిన ఎలర్జీ. రోజూ కొట్టుకోవాల్సిన స్ప్రే రాసిచ్చాను, గోరువెచ్చని ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమన్నాను, కుట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోమన్నాను. ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని అడిగాను. ఏమీ లేదన్నాడు. మా దగ్గర అందరూ చెప్పే జవాబు అదే.

"ఎన్ని దినాలల్ల సాఫైతది డాక్టరమ్మా?"

రెండు మూడు వారాలు పట్టొచ్చని చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. ముక్కు మూసుకున్నా అజాన్ ఇవ్వొచ్చు కదా, గొంతు బాగానే ఉంది కదా అన్నాను.

"ఇయ్యొచ్చు. కని ఇనేటోళ్లు ఉంటరు గద," అని లేచిపోయాడు.

మసీదుకు వచ్చేవాళ్ల గురించి అంటున్నాడనుకున్నాను.

ఆ తరువాతి మంగళవారం మధ్యాహ్నం ఒకావిడ చెవిలో గుబిలి తీస్తుంటే అజాన్ మొదలైంది. నా చెయ్యి ఆగిపోయింది. ముక్కు మూసుకున్నవాళ్ల గొంతు నాకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. అందులో మ, న సరిగ్గా పలకవు. ఏడ్చి లేచిన మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. ఈ గొంతులో ఆ ఛాయే లేదు. ఊరి మీదుగా నిండుగా, తేటగా పోతోంది. అది మక్బూల్ సాబ్ గొంతేనా అని దుకాణం వాళ్లను అడిగి రూఢి చేసుకున్నాను. నా స్ప్రే ఇంత పనిమంతురాలా అని మురిసిపోయాను కూడా.

సాయంత్రం ఆయన చూపించుకోవడానికి వచ్చాడు. లైటు వేస్తే ముక్కు మళ్లీ అంతే ఉబ్బి ఉంది. స్ప్రే సీసా తెచ్చారా అంటే జేబులోంచి తీశాడు. మూత మీది సీలు కూడా విప్పలేదు. ముక్కులోకి కొట్టుకోవాలంటే భయమని మర్యాదగా నవ్వాడు. మరి మధ్యాహ్నం గొంతు అంత తేటగా ఎట్లా వచ్చిందని అడిగితే, అల్లా దయ అన్నాడు. నేనూ ఆదివారం తప్పకుండా చర్చికి పోయేదాన్నే, దేవుడి దయ మీద నాకు నమ్మకముంది. కానీ ఆ దయ పొద్దుగూకేసరికి దిగిపోయేది కాదని కూడా తెలుసు.

ఆ రాత్రి అన్నం దగ్గర, పేరు చెప్పకుండా, ఈ ముక్కు సంగతి మా ఆయన ముందు పెట్టాను.

"పగటీలి తెర్సుకోని పొద్దుమూకంగ మూసుకునేది దుకాణం," అన్నాడాయన. "పచ్చిపులుసు ఇటు జరుపు."

చలి విరిగిపోతున్న రోజుల్లో ఆయన వంతు వచ్చింది. ఒక గురువారం సిరిసిల్ల నుంచి మొహం చిన్నబుచ్చుకుని వచ్చాడు. ఎందుకంటే ఒక పెద్దాయన సంగతి చెప్పాడు. మగవాళ్లకు మూత్రం దారి చుట్టూ ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుంది, వయసుతో పాటు అది పెరుగుతుంది, దారిని నొక్కుతుంది. ఈ పెద్దాయనకూ కొంచెం పెరిగింది. ఒకరోజు మూత్రం పూర్తిగా ఆగిపోయి, కడుపు రాయిలా బిగుసుకుపోయి, కారు మాట్లాడుకుని వచ్చాడట. పైపు వేసి, సంచి తగిలించి, దారి సడలే గోలీ రాసిచ్చారు. కొన్నాళ్లకు పైపు తీస్తే ఆసుపత్రిలో పోరగాడిలా పోసి, సంతోషంగా ఇంటికి పోయాడు. మర్నాడు మళ్లీ అదే కారు, మళ్లీ అదే కడుపు. రెండోసారీ అదే కథ నడిచింది.

"మా తాన మంచిగ అచ్చేది ఇంటికాడ ఎందుకు బందైతది?" అన్నాడు శేఖర్.

ఆసుపత్రిలో లేనిది ఇంట్లో ఏముందని అడిగాను. పెండ్లాం అన్నాడు. గరిటె చూపించాక, నిజంగానే తనకు తెలియదన్నాడు. రెండుసార్లు పైపు తీసి ఓడిపోయాక ఇక మిగిలింది ఆపరేషనే. జగిత్యాలలో తేదీ కూడా ఇచ్చేశాడు. ఆ మనిషి దారిలో నాలుగు ఆసుపత్రులు దాటుకుని ఇంత దూరం ఎందుకొస్తాడో కూడా ఆయనకు అర్థం కాలేదు. నాకు కోపం వచ్చింది. ఇంటికి పోయాక ఏం తింటాడు, ఏం తాగుతాడు, ఏం చేస్తాడు, ఇవేవీ అడగకుండా కత్తి పడతావా అని విరుచుకుపడ్డాను. అన్నీ అడిగాననీ, ఏమీ లేదన్నాడనీ ఆయన చేతులు కడుక్కున్నాడు. పోతూ పోతూ, ఆ పెద్దాయన మూత్రం సంచికి ఒక గలేబు కుట్టుకున్నాడని చెప్పాడు. ఆకుపచ్చ మఖ్మల్ గుడ్డ, పైన లాగితే మూసుకునే దారం, అంచుకు సన్నటి కుట్టు. అట్లాంటివి పది కుట్టించి మన పేషెంట్లకు ఇవ్వాలనుందన్నాడు.

కొన్ని వారాలుగా కోరుట్లలో మధ్యాహ్నం అజాన్ వేరే గొంతుతో వస్తోంది. ఆ తరువాతి మంగళవారం సంగతేమిటని అడిగాను. కిరాణా కొట్టు ముజాహిద్ ఇస్తున్నాడని, మౌజన్ సాబ్‌కు కొంతకాలంగా ఒంట్లో బాగాలేదని దుకాణం వాళ్లు చెప్పారు. అది విన్న కాసేపటికే మక్బూల్ సాబ్ వచ్చాడు. చిక్కిపోయాడు. నడక మెల్లగా ఉంది. కుర్చీలో కూర్చుని, చేతిలోని చిన్న సంచిని కిందికి వేలాడేసి పిక్క పక్కన పట్టుకున్నాడు. ఆకుపచ్చ మఖ్మల్ సంచి. పైన దారం. అంచుకు సన్నటి కుట్టు.

మా ఆయన చెప్పిన గలేబు అదే. ఊరు విడిచి వేములవాడ మీదుగా సిరిసిల్ల దాకా ఎందుకు పోయాడో అర్థమైంది. ముక్కు సంగతి ఊళ్లో చెప్పుకోవచ్చు, ఇది చెప్పుకోలేడు. కానీ నాకు తెలిసిన సంగతి నేను అనకూడదు, అది శేఖర్ గదిలోని సంగతి. నా కంటికి కనపడ్డదాన్ని పట్టుకునే అడగాలి.

ఆయన ముక్కుకు ఏదైనా బలమైన సూది ఇవ్వమన్నాడు. కొన్నాళ్లు ఊరికి పోయేది ఉందని, వచ్చేసరికి సాఫ్ కావాలని చెప్పాడు. ఆయన పోబోయే ఊరు మా ఆసుపత్రి మీది అంతస్తని నాకు తెలుసు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, ఆ సంచి కింద పెట్టమన్నాను. గుడ్డముక్కలే అని ఆయన కాలికి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు.

"సాబ్, నేను డాక్టర్ను. గుడ్డముక్కలకు పైపు ఉండదు," అన్నాను.

ఆయన సంచి దారాన్ని ఇంకా బిగించాడు. "నువ్వు ఆడిమనిషివి బేటీ."

నాకు కోపం వస్తే ఆగదు. ముక్కుకు ఆడా మగా లేదు, ఒంటేలుకూ లేదు, రోగానికి సిగ్గు లేనప్పుడు మీకెందుకని గట్టిగానే అడిగాను. తరువాత గొంతు తగ్గించి, ఎప్పుడు ఆగిందో చెప్పమన్నాను. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. పైపు ఉన్నప్పుడు మైకు దగ్గరికి పోబుద్ధి కాలేదు. రోగికి మినహాయింపు ఉంటుందని ఇమాం సాబ్ చెప్పినా మనసు ఒప్పలేదు. పైపు తీసిన మర్నాడు తెల్లవారే పోయి అజాన్ ఇచ్చాడు.

"రెండు సార్లూ గంతే. అజాన్ ఇచ్చిన, పొద్దెక్కెవరకు బందైంది. ఇయ్యని దినం ఏం కాదు. ఇచ్చిన దినమే అయితది. ఇగ నీ గొంతు చాలని ఆయననే అంటుండేమో." ఆయన కళ్లు ఎత్తలేదు. "ఆపరేషన్‌కు భయం లేదు. అయినంక సుత గిట్లనే అయితే? ముజాహిద్‌కు చెప్పిన, ఇగ నువ్వే ఇయ్యిమని."

ముప్పై ఏళ్లుగా ఊరిని పిలిచిన మనిషి, ఆ పిలుపును పైవాడే వద్దంటున్నాడనుకుని తప్పుకుంటున్నాడు. ఆ మాటకు నా కోపమంతా దిగిపోయింది. కానీ నా పాత జబ్బు మాత్రం లేచి కూర్చుంది. అజాన్ ఇచ్చిన రోజే మూత్రం ఆగుతోంది. అజాన్ ఇచ్చిన రోజే ముక్కు తెరుచుకుంటోంది. నా చిక్కుముడి, మా ఆయన చిక్కుముడి ఒకే పొద్దున, ఒకే మనిషిలో పడుతున్నాయి. రెంటికీ దారం ఒక్కటే అయి ఉండాలి.

మైకు దగ్గరికి పోయేముందు ఏం చేస్తారని అడిగాను. వజూ చేసుకుంటానన్నాడు, అంటే చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కోవడం. దానికి ముందు నోట్లో ఏమైనా వేసుకుంటారా అన్నాను.

"మా పోరడు ఆదిల్ పంపిన గోలీ."

"మందులేం లేవంటిరి గద సాబ్."

"అది మందెట్లయితది?" అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయి. "డాక్టర్ రాసిందా? పోరడు పంపింది గద."

ఇంతకాలం ఇద్దరు డాక్టర్లం మందు అని అడుగుతున్నాం, ఆయన మందు లేదనే చెబుతున్నాడు, అబద్ధం ఆడలేదు. కోరుట్లలో గల్ఫ్ వాళ్లు లేని గల్లీ లేదు. అక్కడినుంచి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపే డబ్బాలో అత్తరు ఉంటుంది, నొప్పుల బామ్ ఉంటుంది, ఖర్జూరం ఉంటుంది, జలుబు గోలీలు కూడా ఉంటాయి. అత్తరును ఎవరూ మందనరు. దాని పక్కన పడుకున్న గోలీని కూడా అనరు.

బయట కూర్చున్నవాళ్లకు కాసేపట్లో వస్తానని చెప్పి ఆయన వెంట వాళ్లింటికి పోయాను. మసీదు గోడకు ఆనుకున్న ఇల్లు. ఆయన భార్య మైమూనా బీ అల్మారాలోంచి రేకు డబ్బా తీసి నా ముందు పెట్టింది. మూత తియ్యగానే అత్తరు వాసన గుప్పుమంది. అడుగున గోలీ పట్టీలు. వెనక సన్నటి అక్షరాలు చదివాను. ఒక్కో గోలీలో రెండు మందులున్నాయి. ఒకటి ముక్కులోని వాపును పిండేది. రెండోది కారే ముక్కును ఎండబెట్టేది. మన దుకాణాల్లోనూ ఇట్లాంటివి దొరుకుతాయి, వయసులో ఉన్నవాళ్లు జలుబుకు రెండు రోజులు వేసుకుంటే పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ ప్రోస్టేట్ పెరిగిన మనిషిలో ఆ మొదటిది కింద మూత్రం దారిని కూడా బిగిస్తుంది, రెండోది మూత్రాశయం నెట్టే బలాన్ని తగ్గిస్తుంది. మా ఆయన సడలించే గోలీ ఇచ్చి తెరిచిన దారిని, ఈయన తెల్లవారుజామున బిగించే గోలీలు వేసుకుని మూస్తున్నాడు. అదీ ఒకటి కాదు, గొంతు బాగా తేటపడాలని రెండేసి వేసుకుంటాడని మైమూనా బీ చెప్పింది.

అసలు గొంతు అంత తేటగా ఎవరి కోసమని అడిగాను. మైమూనా బీ కిటికీ వైపు చూపించింది. ఆదిల్ షార్జాలో గోదాములో పని చేస్తాడు. రోజూ మధ్యాహ్నం అజాన్ వేళకు అక్కడ వాళ్లకు చాయ్ సమయం. సరిగ్గా అప్పుడు ఫోన్ చేస్తాడు. ఆమె ఫోన్ తీసి కిటికీలో పెడుతుంది. వాడు తండ్రి గొంతు అయిపోయేదాకా విని, మాట్లాడకుండా పెట్టేస్తాడు. చలికాలం మొదట్లో ఒకరోజు మాత్రం పెట్టేయలేదు.

"అబ్బా ఎందుకు ఏడుస్తుండు అమ్మీ అని అడిగిండు," అంది ఆమె. "ముక్కు బిగిసింది బేటా అన్న. నమ్మలే. నా తాన దాస్తున్నరని పొద్దుమూకెదాక చేసుకుంటనే ఉన్నడు. పని సుత చెయ్యలే ఆ దినం."

అంతకుముందు ఆయన 'ఇనేటోళ్లు ఉంటరు గద' అన్నది ఎవరి గురించో అప్పుడు తెలిసింది. ఆ మర్నాడే ఆయన నా దగ్గరికి వచ్చాడు. ఆ వారంలోనే, వాళ్ల గల్లీకి వచ్చేవాడెవడో దొరికితే, ఆదిల్ ముక్కు తెరుచుకునే గోలీలు పంపాడు. నా స్ప్రేకు రెండు మూడు వారాలు కావాలి. కొడుకు గోలీకి అరగంట చాలు. ఆయన స్థానంలో నేనున్నా గోలీయే వేసుకునేదాన్ని.

ఇక శేఖర్‌తో మాట్లాడాలి. పెద్దాయన అనుమతి లేకుండా మాట్లాడను గనక, మీ సిరిసిల్ల డాక్టరుకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పనా అని అడిగాను. ఆయన బిత్తరపోయాడు.

"సిరిసిల్లకు పోయినట్టు నీకెట్ల ఎరుక?"

ఇక దాచలేక, ఆయన మా ఇంటాయనే అని చెప్పాను. మక్బూల్ సాబ్ మంచం మీద కూలబడ్డాడు. మైమూనా బీ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, తరువాత ఆపుకోలేక గట్టిగా నవ్వేసింది.

"ఎవ్వలకు తెల్వద్దని గంత దూరం పోయి, తీస్కపోయి డాక్టరమ్మ ఇంట్లనే పెట్టి అచ్చినవ్."

ఆయన కూడా నవ్వాడు, ఫోన్ చెయ్యమన్నాడు. ఆ మనిషి అట్లా మనసారా నవ్వగలడని నాకు అప్పుడే తెలిసింది.

ఫోన్లో గోలీ పట్టీ వెనక ఉన్నది చదివి వినిపించాను. అవతల మా ఆయన ఆ పేర్లు మళ్లీ చదివించుకున్నాడు. తరువాత, మందులేమీ లేవన్నాడు కదా అన్నాడు. నాకూ అదే చెప్పాడన్నాను. మందు అన్న మాట మనమే సరిగ్గా అడగలేదు, ఇకనుంచి నోట్లో ఏం వేసుకుంటున్నారని అడగాలి అన్నాను. సరే మేడం అన్నాడు. ఆయన నన్ను మేడం అన్నాడంటే ఒప్పుకున్నట్టు. ఆ గోలీ ఆ రోజుతో బంద్, తన గోలీ రోజూ వేసుకోవాలి, వచ్చే గురువారం పైపు తీసి చూద్దాం, ఆపరేషన్ తేదీ అప్పటిదాకా పక్కన పెడదాం అని చెప్పాడు.

మైమూనా బీకి ఇంకో దిగులు. పంపినవాడికి తెలిస్తే? తన గోలీతో తండ్రికి ఇంత అయిందని వింటే అంత దూరంలో వాడు అన్నం తినడు. అబ్బా ఊళ్లో లేడని ఇన్నాళ్లూ నెట్టుకొచ్చానని, ఇప్పుడూ ఆదిల్‌కు చెప్పవద్దని నా చేతులు పట్టుకుంది. సరేనన్నాను. పైగా ఆ గోలీలు గల్లీలో నాలుగిళ్లకు పంచింది, వాటిలో పెద్దవాళ్లున్నారు. ఇచ్చిన కానుక తిరిగి అడగడం చిన్నతనం. అయినా ఆమె ఇల్లిల్లూ తిరిగింది. తారీఖు దాటినయని చెప్పి అన్నీ వెనక్కి తెచ్చింది. ఒకావిడ మాత్రం గోలీలు ఇచ్చేసి, మరి దానికి బదులు అత్తరైనా ఇయ్యమందట.

నేను మక్బూల్ సాబ్‌కు స్ప్రే కొట్టుకోవడం నేర్పాను. తల కొంచెం వంచాలి, మొన ముక్కు మధ్య గోడకు కాకుండా బయటి వైపుకు, అదే వైపు చెవి దిక్కుకు ఉండాలి, గట్టిగా పీల్చకూడదు. సూదిలో దారం ఎక్కించే చెయ్యి గనక ఒక్కసారికే పట్టుకున్నాడు. ముక్కు సాఫయ్యేదాకా అజాన్ ఇవ్వొచ్చా అని అడిగాడు. ఇవ్వొచ్చు, కానీ గొంతు ఏడ్చినట్టే ఉంటుందన్నాను. అయితే ఆగుతానన్నాడు. కొడుకును మళ్లీ అట్లా భయపెట్టలేనన్నాడు.

గురువారం సిరిసిల్లలో పైపు తీశారు. ఆసుపత్రిలో ఎప్పటిలాగే బాగా వచ్చింది, దానికి ఎవరూ సంబరపడలేదు. శుక్రవారం పొద్దున నేను కింద, ఆయన మీద, ఇద్దరం పేషెంట్లను చూస్తూ ఫోన్ వైపు చూస్తూనే ఉన్నాం. పదకొండు దాటాక ఆయన మెట్ల మీది నుంచి వంగి, అందరి ముందూ, ఇంటికాడ సుత అచ్చిందట అని కేకేశాడు. కింద కూర్చున్న ముక్కు పేషెంట్లు ఎవరికి ఎవరొచ్చారా అని మొహాలు చూసుకున్నారు. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

ఆపరేషన్ తేదీ పోయింది. గ్రంథి మాత్రం పోలేదు. ఆ సంగతి శేఖర్ ఆయనకు దాచకుండా చెప్పాడు. గోలీ మానవద్దనీ, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోవాలనీ, ఎప్పుడో ఒకనాడు ఆపరేషన్ కావలసి వస్తే అది ఎవరి కోపం వల్లా కాదనీ. ఆ చివరి మాట చెప్పమని పంపింది నేనే.

మామిడిపూత పిందె పడుతున్న రోజుల్లో ఒక మంగళవారం మైమూనా బీ నన్ను ఇంటికి పిలిచింది. ఆ రోజు ఆయన మళ్లీ మైకు దగ్గరికి పోతున్నాడు. మధ్యాహ్నం అజాన్‌కు ముందు, చాయ్ తాగుతూ, టార్చి వేసి ముక్కు చూశాను. పొర గులాబీ రంగుకు తిరిగింది, వాపు దిగింది. రెండు వైపులా గాలి తేటగా పోతోంది. మ్ అని పలికించి చూశాను, న్ అని పలికించి చూశాను. ఏ తప్పూ లేదు. అద్దం చూపించమని అడిగాడు గాని ముక్కు లోపల చూసుకునే అద్దం లేదని నవ్వాను.

ఆయన మఖ్మల్ సంచి గోడ మేకుకు వేలాడుతోంది. ఇప్పుడు అందులో దారం ఉండలున్నాయి.

ఆయన వెళ్లాక ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. మోగగానే ఎత్తి, ఏమీ మాట్లాడకుండా చువ్వల మధ్య పెట్టింది. మైకు గుర్రుమంది. ఆయన మొదలుపెట్టాడు.

మొదటి పిలుపు తేటగా లేచింది. రెండోదీ అంతే. మూడో దగ్గర గొంతు ఆగింది. ఆగి మళ్లీ వచ్చేసరికి తడిసి ఉంది, బరువెక్కి ఉంది. ఇకమీదట తాను అక్కడ నిలబడననుకున్న మనిషి, తనను వద్దనలేదని తెలిసి, ఊరంతా వింటుండగా మైకు ముందు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే పిలుస్తున్నాడు. మైమూనా బీ ఫోన్‌ను చువ్వల మధ్య నుంచి వెనక్కి లాగబోయింది. ఆమెకూ తెలిసిపోయింది.

ఫోన్లో గొంతు వినిపించింది. ఉర్దూలో, గాబరాగా, అబ్బా ఏడుస్తున్నాడా అమ్మీ అని. ఆమె ఫోన్ నా చేతిలో పెట్టింది. నేను ముక్కు డాక్టర్నని చెప్పాను. ఆదిల్ తెలుగులోకి వచ్చాడు.

"మేడం, నిజం చెప్పుండ్రి. మా అబ్బా ముక్కు మల్ల బందైందా?"

పది నిమిషాల కింద నా కళ్లతో చూసిన ముక్కు అది. అంత సాఫైన ముక్కును ఆ వారమంతా నేను చూడలేదు.

"అవు తమ్మీ, ముక్కే," అన్నాను. "చిన్న సర్ది, ఇంకేం లేదు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "గోలీలు పంపాల్నా మేడం?"

"వద్దు తమ్మీ. నేను మందిచ్చిన. నువ్వు ఫోన్ పెట్టకు, ఇంకా అయిపోలే," అని ఫోన్‌ను మళ్లీ కిటికీలో పెట్టాను.